ప్రకటనల యందలి ధ్వని

స్త్రీపురుషులను మూసలలోఁ బోసి చూపు ప్రకటనలను విమర్శింప నేర్చు విద్యార్థులకు విజయనగరమున వెలసిన "కన్యాశుల్కము" తొలిపాఠము కాఁదగినది. 1897 నాఁటి ప్రథమముద్రణమునకు గురజాడ అప్పారావుగారు వ్రాసిన యాంగ్లపీఠికలో, నాఁటి విశాఖపట్టణ మండలమున మూఁడేండ్లలో జరిగిన 1,034 శుల్కవివాహముల లెక్క కలదు. అందు ఏడాది ప్రాయపు శిశువులు మువ్వురు. వారికిఁ బలికిన వెల 350 మొదలు 400 రూపాయలు. నేఁటి వివాహప్రకటనలలో నట్టి యంకె కానరాదు. కాని వరునకు ఉద్యోగమును జీతమును, వధువునకు మేనిచాయయు నణఁకువయుఁ జెప్పు వాడుక తఱచుగాఁ గానవచ్చును. వెల మఱుఁగుపడినది గాని వెలగట్టు చూపు పోలేదు.

ఈ చూపును విద్యార్థులకు ఎఱుకపఱచుట యెట్లు? ఇందులకు నూతనశాస్త్ర మక్కఱలేదు. వ్యంగ్యార్థమును గ్రహించుటకుఁ జెప్పువా రెవరు, వినువా రెవరు, ప్రస్తావ మేది యని విచారింపవలెనని మమ్మటుఁడు కావ్యప్రకాశమున నిరూపించెను. బట్టలసబ్బు ప్రకటనలో మరక పోవుట వాచ్యము. ఉతుకుట యిల్లాలి ధర్మమనుట వ్యంగ్యము. సరకు నమ్మువారు మొదటిదానికే పూచీపడుదురు. రెండవది యడుగకయే మనసునఁ జొచ్చును. 1975లో మనదేశమున విక్రయమునకు వచ్చిన "ఫెయిర్ అండ్ లవ్లీ" లేపనము 2020లో "గ్లో అండ్ లవ్లీ" యైనది. పేరు మాఱినపుడు ధ్వని యెంత మాఱినదో తరగతిలోఁ బరీక్షింపవలసిన విషయము.

అయితే వంటచేయు స్త్రీ కనఁబడినంతనే తప్పుపట్టుట విమర్శ కాదు. భారత ప్రకటనల ప్రమాణమండలి 2022లో వెలువరించిన నియమములును అట్టి చిత్రణమును నిషేధింపలేదు. ఆ పని యెల్లప్పుడును స్త్రీదే యని సూచించుటనే యాక్షేపించినవి. స్త్రీ స్థానమునఁ బురుషుని నిలిపి ప్రకటనను మరలఁ జదివింపవలెను. నవ్వు పుట్టినచో, ఆ నవ్వునకుఁ గారణమును వెదకినప్పుడు మూస బయటపడును.

ఇంతకంటెఁ బెద్ద లోపము, ప్రకటనలను నిందించి కావ్యములను విడిచిపుచ్చుట. అష్టవిధనాయికలు ప్రియునితోడి సంబంధమును బట్టియే విభజింపఁబడిరి. నాయకునకు శృంగారభేదము లున్నను, ధీరోదాత్తాది భేదములు అతని స్వభావమును బట్టి యేర్పడినవి. ఈ మూసను మన్నించి సబ్బుప్రకటనలోని మూసను మాత్రమే దండించు బోధకుల మాటను విద్యార్థు లేల నమ్ముదురు?

మధురవాణి నీ సందర్భమున స్మరింపవలెను. లక్షణకర్తల లెక్కలో నామె "సామాన్య". నాటకమున నామె బుద్ధియు దయయు నా పేరున నిముడవు. 1909 నాఁటి ద్వితీయముద్రణమున నాటకముతోఁ బాటు నామె పాత్రయు విస్తరించినది. పేరునకును మనిషికిని గల యీ యెడమును మధురవాణియందుఁ గనుఁగొన్నవారు, ప్రకటనలోని బొమ్మయందును గనుఁగొనఁగలరు.