‘ఆమె’ అనవలసిన చోటు: ‘ఒక హిజ్రా ఆత్మకథ’ – సర్వనామం, సంబోధన

ట్రాన్స్‌జెండర్, క్వీర్ సమూహాలకు అండగా నిలవడమనే చర్చ తరచుగా న్యాయస్థానాల తీర్పుల దగ్గర ఆగిపోతుంది. వ్యక్తి తన లింగ అస్తిత్వాన్ని తానే నిర్ణయించుకునే హక్కును సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో గుర్తించింది. తీర్పు గుర్తించిన ఆ అస్తిత్వాన్ని ఇంట్లో, బడిలో, కార్యాలయంలో రోజూ గుర్తించవలసింది మాత్రం మాట. తెలుగులో ఈ గుర్తింపు సర్వనామం, క్రియ, సంబోధన అనే మూడు తావుల్లో నిలుస్తుంది, లేదా అక్కడే భంగపడుతుంది. రేవతి జీవితకథకు పి. సత్యవతి తెలుగు అనువాదమైన ‘ఒక హిజ్రా ఆత్మకథ’ను ఈ కోణంలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో, గ్రామీణ కుటుంబంలో కడగొట్టు కొడుకుగా పెరిగిన వ్యక్తి స్త్రీగా తనను తాను గుర్తించుకుని, ఢిల్లీ, ముంబయి హిజ్రా గృహాల మీదుగా బెంగళూరులో హక్కుల కార్యకర్తగా నిలదొక్కుకున్న క్రమం ఇందులోని ఇతివృత్తం. వి. గీత ఆంగ్లానువాదం 2010లో వెలువడింది. తెలుగు అనువాదానికి 2019 సంవత్సరపు సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. ఈ గ్రంథాన్ని కేవలం వేదనాచరిత్రగా చదివితే పాఠకుడిలో జాలి మిగులుతుంది. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారన్న దృష్టితో చదివితే పాఠకుడి బాధ్యత తేటపడుతుంది.

తెలుగు వ్యాకరణం ఈ పఠనానికి ప్రత్యేకమైన ఆధారాన్నిస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కానివాటిని మహత్తులుగా, తక్కినవాటిని అమహత్తులుగా విభజించింది. నేటి వ్యవహారంలోనూ ‘వచ్చాడు’ అన్న క్రియ పురుషుణ్ణి సూచిస్తుంది. ‘వచ్చింది’ అన్న క్రియ స్త్రీకీ, పశువుకీ, వస్తువుకీ సమానం. కనుక ట్రాన్స్ పురుషుడి విషయంలో క్రియ ఒక్కటే అస్తిత్వాన్ని ప్రకటించగలదు. ట్రాన్స్ స్త్రీ విషయంలో అది చాలదు. ‘ఆమె వచ్చింది’, ‘అది వచ్చింది’ అనే వాక్యాల మధ్య గౌరవానికీ అవమానానికీ ఉన్న దూరమంతా సర్వనామం మీదే ఆధారపడింది. కర్తను వదిలేసి మాట్లాడటం తెలుగుకు సహజమే అయినా, ఇక్కడ ‘ఆమె’ అన్న మాటను పలికి తీరవలసిన సందర్భాలున్నాయి.

ఉత్తమ పురుషలో పరిస్థితి వేరు. ‘వెళ్లాను’, ‘ఏడ్చాను’ వంటి క్రియల్లో లింగభేదం లేదు. ఆత్మకథా ప్రక్రియ తెలుగులోకి వచ్చినప్పుడు కథకురాలికి దక్కిన వెసులుబాటు ఇది. తాను ఎవరో లోకం ఒప్పుకోకముందే ‘నేను’ అన్న సర్వనామం ఆమెకు సొంతమవుతుంది. బడిలో గేలికి గురైన ఘట్టంలోనూ, ఇల్లు విడిచి తిరిగి వచ్చాక అన్న క్రికెట్ బ్యాటుతో కొట్టిన ఘట్టంలోనూ, ఇంటివారు జుట్టు తీయించిన ఘట్టంలోనూ ఆమె ‘నేను’ చెదరదు. సంఘర్షణ ఇతరుల చూపుకూ ఈ ‘నేను’కూ మధ్య సాగుతుంది. ఇంటివారి దృష్టిలో ఆమె కొడుకు, తమ్ముడు. దెబ్బలూ జుట్టు తీయించడమూ ఆ బంధుత్వపదాలను ఆమె శరీరం మీద నిలబెట్టే ప్రయత్నాలు.

దీనికి ఎదురుగా హిజ్రా గృహం గురువు, చేలా, నాని అనే వరుసలతో మరో బంధువ్యవస్థను నిర్మిస్తుంది. అక్కడా అధికారం, శ్రమ, శిక్ష ఉన్నాయని రేవతి దాచలేదు. అయినా స్త్రీగా పిలిపించుకోవడం ఆమెకు అక్కడే సాధ్యమైంది. పుట్టినిల్లు ఇవ్వని పిలుపు కోసం ఊరూ భాషా దాటి వెళ్లవలసి రావడం ఈ గ్రంథంలోని అసలు విషాదం.

గౌరవ బహువచనం ఉండగా ఇంత చర్చ ఎందుకన్న ఆక్షేపణ రావచ్చు. ‘వారు వచ్చారు’ అన్న ప్రయోగం లింగాతీతం, మర్యాదాపూర్వకం. స్త్రీపురుష విభజనలో ఇమడనివారికి అది తెలుగు సహజంగా ఇవ్వగల చోటు. కానీ ‘ఆమె’గా గుర్తింపు కోరుకున్న వ్యక్తిని ‘వారు’ అనడం కొన్నిసార్లు మర్యాద ముసుగులో దాటవేత అవుతుంది. ఏ మాట సముచితమో నిర్ణయించవలసింది వ్యాకరణం కాదు, ఆ వ్యక్తి.

పేరు పెట్టే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు తెలుగు నేల మీద చరిత్ర కూడా ఉంది. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో వచ్చిన ‘యూనక్స్’ చట్టం ఈ సమూహాన్ని పట్టికలో నమోదు చేయించింది, బహిరంగంగా స్త్రీవేషంలో కనిపిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలు కల్పించింది. తెలంగాణ హైకోర్టు 2023లో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆ పట్టిక పోయినా ‘కొజ్జా’, ‘పేడి’ వంటి మాటలు తిట్లుగా నిలిచే ఉన్నాయి. వాటిని తరగతి గదిలో నవ్వుకు వాడటం ఏ న్యాయస్థానం దృష్టికీ వెళ్లని విషయం.

అందువల్ల ఈ గ్రంథాన్ని పాఠ్యాంశంగా స్వీకరించడంతోనే తెలుగు శాఖల పని పూర్తికాదు. ప్రథమ పురుష అంటే ఎదుట లేని వ్యక్తిని గురించిన మాట. రేవతిని గురించి సెమినార్‌లో ‘ఆమె’ అని, ఆవరణలో కనిపించిన మరో ట్రాన్స్ స్త్రీని గురించి ఆమె వెళ్లిపోయాక ‘అది’ అనే పాఠకుడు ఈ ఆత్మకథను ఇంకా చదవలేదనే భావించాలి.