ఎదురు ప్రశ్న ఎందుకంటే

‘మీరు వాడుతున్నది ఏ వెర్షన్?’ లిబ్రెఆఫీస్‌లో ఏదో చెడిందని బగ్ రిపోర్టు పెట్టినవారికి ముందుగా వచ్చే జవాబు చాలాసార్లు ఇదే. కష్టం చెప్పుకుంటే ఎదురు ప్రశ్నలేమిటని కొందరికి చిరాకు. అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి మా వైపు మాట చెబుతాను.

2010లో ఓపెన్ఆఫీస్ నుంచి విడివడిన ఈ సాఫ్ట్‌వేర్‌కు వచ్చే రిపోర్టులను చూసేవారిలో చాలామంది జీతం లేని వాలంటీర్లు. కోడు రాయడం రానివాళ్లూ ఉంటారు. రిపోర్టులో చెప్పిన తప్పు మా కంప్యూటర్లోనూ వస్తోందా అని చూడటమే మా మొదటి పని. రాకపోతే డెవలపర్ దేన్ని పట్టుకుని దిద్దుతారు?

‘తెలుగులో వత్తులు విడిపోతున్నాయి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే ఏం తెలుస్తుంది? లోపం ఫాంటులో ఉండొచ్చు, అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్‌లో ఉండొచ్చు, పీడీఎఫ్ చేసేటప్పుడే రావచ్చు. ఫాంటు పేరు, రెండు పదాలున్న చిన్న ఫైలు, ఒక స్క్రీన్‌షాట్ ఇస్తే చిక్కు సగం విడిపోతుంది. పైగా ఆ రిపోర్టు చూసే వాలంటీరుకు తెలుగు రాకపోవచ్చు. తెర మీద పడింది తప్పని, సరైన రూపం ఇలా ఉండాలని చూపించాల్సింది మనమే.

పాత వెర్షన్‌లో బాగానే ఉండేదని తెలిస్తే ఇంకా మంచిది. పాత బిల్డులు, అంటే అప్పటి ప్రోగ్రాం ప్రతులు, వరుసగా దాచి ఉంటాయి. నడిమి బిల్డు తెరిచి చూస్తాం. అందులో తప్పుంటే దానికి ముందున్న సగం, లేకపోతే తర్వాతి సగం. ఇలా సగం చేసుకుంటూ పోతే వెయ్యి బిల్డుల్లోనూ పదిసార్లు చూస్తే చాలు, ఎక్కడ చెడిందో దొరుకుతుంది. దీన్ని బైబిసెక్ట్ అంటారు. ఈ పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. ఎక్కడో ఎవరికో వచ్చిన ఇబ్బందికి కారణం ఫలానా మార్పేనని తేలినప్పుడు కలిగే తృప్తి కోసమే మళ్లీ ఇంకో రిపోర్టు తెరుస్తాను.

వివరాలు అడిగిన రిపోర్టుకు ‘నీడ్ఇన్ఫో’ అని గుర్తు పెడతారు. ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేస్తారు, ఆ తర్వాతా పలుకు లేకపోతే సమాచారం చాలలేదని మూసేస్తారు. తప్పు మాత్రం సాఫ్ట్‌వేర్‌లోనే ఉండిపోతుంది, అది మిగతావాళ్లనూ ఇబ్బంది పెడుతుంది. అందుకే అడిగినప్పుడు ఆ చిన్న ఫైలు పంపండి. అది అందరికీ కనబడుతుంది కనుక పేర్లు, ఫోన్ నంబర్లు ముందే తీసేయండి.