తెర మీద సురవరం

"ఇంగ్లీషు నవల ఫోన్లో గంటలకొద్దీ చదువుతా, తెలుగైతే పది నిమిషాలకే తలనొప్పి." మా తరం పాఠకుల దగ్గర ఈ మాట తరచుగా వింటుంటాను. వెంటనే ఏకాగ్రత, రీల్స్, మారిన కాలం అంటూ చర్చ మొదలవుతుంది. నాకు ఆ చర్చ మీద పెద్ద నమ్మకం లేదు. అవే కళ్ళు, అదే ఫోను ఇంగ్లీషుకు సరిపోతున్నప్పుడు తప్పు కళ్ళది ఎట్లా అవుతుంది?

అందుకే ఒకే పుస్తకాన్ని రెండు రూపాల్లో చదివి చూశాను: సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వచ్చింది. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చింది. ఎంచుకోవడానికి సొంత కారణం కూడా ఉంది. మాది దౌల్తాబాద్. 2016లో వికారాబాద్ జిల్లాలో కలిశాం గానీ, అంతకుముందు సురవరం వారి పాలమూరే మాది కూడా.

మొదటి రూపం స్కాన్ పీడీఎఫ్. కాగితం పేజీని ఆరంగుళాల తెరలోకి కుదిస్తే అక్షరాలు చీమలబారు. పెద్దది చేస్తే ప్రతి లైనూ కుడికి జరపాలి, చివరికి చేరాక మళ్ళీ ఎడమకు లాగాలి. సాలు చివర నాగలి తిప్పినట్టు. ఇరవై పేజీలయ్యేసరికి అలిసిపోయేది కళ్ళు కాదు, బొటనవేలు. స్కాన్ పేజీని ముక్కలు చేసి చిన్న తెరకు సర్దే కె2పీడీఎఫ్ఆప్ట్ కూడా వాడాను. అది లైనుకీ లైనుకీ మధ్య తెల్ల జాగా వెతుకుతుంది. పాత అచ్చులో పై లైను వత్తు కింది లైను గుడిని దాదాపు తాకుతుంటే దానికి జాగా ఎక్కడ దొరుకుతుంది? కొన్నిచోట్ల వత్తు ఒక దిక్కు, అక్షరం ఇంకో దిక్కు పోయాయి.

రెండో రూపం తెలుగు వికీసోర్స్‌ది. సురవరం 1953లో పోయారు. మన చట్టం ప్రకారం అరవై ఏళ్ళు గడిచాక పుస్తకం అందరిదైంది. ఎవరో ఓపిగ్గా పేజీ పేజీ దిద్ది యూనికోడ్‌లో పెట్టారు. దాన్ని ఈపబ్‌గా దించుకుని నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు పెట్టాను, లైన్ల మధ్య ఎడం బాగా పెంచాను, రెండు అంచులూ సమానం చేసే జస్టిఫై తీసేశాను. తెలుగులో మాటలు పొడుగు, విరిచే హైఫన్ లేదు, జస్టిఫై చేస్తే లైను మధ్యలో గుంతలు పడతాయి. ఇంగ్లీషు కోసం కుదిర్చిన ఎడంలో మన వత్తులు ఇమడవు. పది నిమిషాల తలనొప్పిలో సగం ఇదేనని నా లెక్క.

ఇక్కడే పుస్తకం మారిపోయింది. సురవరం పద్ధతి ఏమిటంటే కావ్యాన్ని సాక్ష్యానికి పిలవడం. పాల్కురికి సోమనాథుడి దగ్గర ఒక పద్యం, దాని నుంచి ఒక తిండి పేరో ఆట పేరో, ఆపైన నిఘంటుకారులు దాన్ని సరిగ్గా వివరించలేదని ఒక విసురు. స్కాన్‌లో పద్యాలు దాటేసి చరిత్ర మాత్రమే చదివాను, అంటే తీర్పు చదివి వాంగ్మూలం వదిలేసినట్టు. ఈపబ్‌లో పద్యం దగ్గర ఆగాను. ఒక ఆట పేరు కొట్టి వెతికితే వేరే యుగం అధ్యాయంలో మళ్ళీ కనిపించింది. ఈ పుస్తకాన్ని చదవాల్సింది అట్లనే, అడ్డంగా, యుగాలు దాటుకుంటూ.

ఊర్లో మా నాయిన స్కాన్‌ని రెండో రోజే పక్కన పెట్టాడు. ఈపబ్‌ని మాత్రం అక్షరాలు గోలీలంత చేసుకుని రెడ్డిరాజుల దాకా వచ్చాడు. అయితే రెండు పేరాలకోసారి పేజీ తిప్పుతున్నాడు.

2018లో యాభై నాలుగు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ వచ్చింది. సమాచారం ఇచ్చే రచనల్లో తెర కన్నా కాగితం మీద అవగాహన మెరుగట, కథనాల దగ్గర మాత్రం తేడా కనిపించలేదట. అంటే నవలకు తెర శత్రువు కాదు. మరి తెలుగు నవల తెర మీద ఎందుకు నిలవట్లేదు? 2016 చివర్లో కిండిల్ అయిదు భారతీయ భాషలకు తలుపు తీసింది: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. మనం లేము. మన ప్రచురణల్లో చాలావాటికి ఈ-బుక్ అంటే ప్రెస్సుకు పంపిన పీడీఎఫే. అచ్చుతప్పు ఒక్కటి ఉంటే సమీక్షలో ఏకిపారేస్తాం గానీ, చదవనివ్వని ఫైలు గురించి ఒక్క సమీక్షలోనూ వాక్యం రాయం. తెర మీద రచన కాస్త పొడుగైతే "సీరియల్‌గా ఇద్దామా" అనుకునే అలవాటు కూడా ఇక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

వికీసోర్స్ ప్రతి మీదా ఫిర్యాదు ఉంది. సీసపద్యం పాదం చిన్న తెర మీద మూడు ముక్కలవుతుంది. యతి ఎక్కడుందో కంటికి తెలియదు, చెవికి మాత్రమే అందుతుంది. ప్రస్తుతానికి సీసం వచ్చినప్పుడల్లా ఫోను అడ్డం తిప్పుతున్నాను.