రక్తము దానమా, సరకా?
టిట్మస్ గ్రంథముపై ఒక విమర్శ

1970వ సంవత్సరమున ‘ది గిఫ్ట్ రిలేషన్‌షిప్’ అను ఆంగ్ల గ్రంథము వెలువడినది. దీని కర్త రిచర్డ్ టిట్మస్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆచార్యుడు. బ్రిటనులో ప్రజలు రక్తమును ఉచితముగా ఇచ్చుచుండిరి. అమెరికాలో దానిలో కొంతభాగము డబ్బిచ్చి కొనబడుచుండెను. ఈ రెండు పద్ధతులను పోల్చి, ఉచితముగా వచ్చిన రక్తమే రోగికి సురక్షితమని ఆయన వాదించెను. రక్తమును అమ్ముకొనువాడు బేరము చెడునేమోయని తన జబ్బును దాచును. ఊరక ఇచ్చువానికి దాచవలసిన అవసరము లేదు. అమెరికాలో రక్తమెక్కించుకొన్నవారికి కాలేయవ్యాధి హెచ్చుగా సోకుటకు ఇదియే ముఖ్యకారణమని ఆయన నిర్ణయము.

ఈ వాదమును నేడు పరీక్షించుటకు ముందు, రక్తమును వేరుచేయు విధానమును గ్రహించుట అవసరము. పాలనుండి మీగడ తీయు యంత్రమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. రక్తమును వేగముగా గిరగిర త్రిప్పినచో బరువైన ఎర్రకణములు వెలుపలి అంచునకు పోవును. తేలికయైన ప్లాస్మా లోపలివైపు నిలుచును. నడుమ తెల్లకణములును, ప్లేట్‌లెట్లును పలుచని పొరగా ఏర్పడును. దాత చేతినుండి వచ్చు రక్తమును ఇట్లు వేరుచేసి, కావలసిన భాగమును ఉంచుకొని, మిగిలినదానిని తిరిగి అతని శరీరములోనికే పంపుటను ‘అఫెరిసిస్’ అందురు. రక్తము గడ్డకట్టకుండుటకు సిట్రేటు కలుపుదురు.

1914లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఏబెల్, ఆయన సహచరులు కుక్కలపై ఈ ప్రయోగము చేసి, దానికి ‘ప్లాస్మాఫెరిసిస్’ అని పేరిడిరి. 1950 దశకపు ఆరంభమున స్పెయిను దేశీయుడు గ్రిఫోల్స్ లూకాస్ దీనిని దాతలకు అన్వయించెను. 1960 దశకమున వైద్యుడు ఫ్రైరైక్, ఐ.బి.యం. ఇంజనీరు జడ్సన్ కలసి, ఆగకుండ కణములను వేరుచేయు యంత్రమును రూపొందించిరి. జడ్సన్ కుమారునికి రక్తకాన్సరు వచ్చుటయే ఆయనను ఈ పనికి పురికొల్పెను. నేడు ఈ విధానము రోగులకును ఉపయోగపడుచున్నది. గిలాన్–బారే వ్యాధిలో నరములకు హానిచేయు ప్రతిరక్షకములను ప్లాస్మాతోపాటు తొలగించుట దీనికొక ఉదాహరణము.

కోల్పోయిన ఎర్రకణములు తిరిగి సమకూరుటకు వారములు పట్టును. ప్లాస్మాలోని నీరు ఒకటి రెండు దినములలోనే పూరింపబడును. కనుకనే అమెరికాలో ఒకే వ్యక్తి వారమునకు రెండు పర్యాయములు ప్లాస్మా ఇచ్చుటకు అనుమతి కలదు. అరుదుగా చేయు దానము, యంత్రముచేత తరచు చేయదగిన పనియైనది. దానితో అది బీదవానికి జీవనాధారమగుటకు కూడ అవకాశమేర్పడినది.

టిట్మస్ భయము నిరాధారము కాదని తరువాతి చరిత్ర నిరూపించినది. 1990 దశకపు తొలిభాగమున చైనాలోని హెనాన్ రాష్ట్రమున బీదరైతులు ప్లాస్మా అమ్ముకొనిరి. అనేకుల రక్తమును ఒకటిగా కలిపి, ప్లాస్మా తీసి, మిగిలిన ఎర్రకణముల మిశ్రమమును తిరిగి వారికెక్కించిరి. ఒకనిలోనున్న హెచ్.ఐ.వి. పెక్కుమందికి వ్యాపించెను.

అయితే ఈ దుర్ఘటనయే గ్రంథములోని లోపమును కూడ చూపుచున్నది. డబ్బు రోగిని కేంద్రమునకు రప్పించెను. ఆ రోగమును పదుగురికి పంచినది మాత్రము ఉమ్మడి పాత్ర. టిట్మస్ దృష్టి ప్రధానముగా దాత మనస్సుపై నిలిచినది. దాత చేయి విడిచిన తరువాత రక్తము ఏ పాత్రలో పడుచున్నది, ఎందరి రక్తముతో కలియుచున్నది, ఏ పరీక్షకు గురియగుచున్నది అను విషయములకు తగిన ప్రాధాన్యము లభింపలేదు.

ఆయన మెచ్చుకొన్న బ్రిటనులోనే దీనికి తార్కాణము కలదు. అచట రక్తమువలనను, రక్తోత్పత్తులవలనను 30,000 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరని 2024లో వెలువడిన విచారణ నివేదిక తెలుపుచున్నది. అమెరికానుండి తెప్పించిన ఫాక్టర్ 8 మందువలన హీమోఫిలియా రోగులు నష్టపోయిరి. ఇది టిట్మస్ పక్షమున నిలుచు సాక్ష్యమే. కాని వ్యాధిగ్రస్తులలో అత్యధికులకు హెపటైటిస్–సి సోకినది స్వదేశములో ఉచితముగా ఇచ్చిన రక్తమువలననే. ఆ వైరసును కనుగొనినది 1989లో. బ్రిటనులో దాతల రక్తమును దానికై పరీక్షించుట మొదలైనది 1991లో. తనలో వ్యాధి ఉన్నదని ఎరుగని దాత దానిని ఎట్లు చెప్పగలడు? సత్యసంధత తెలిసినదానినే చెప్పును. తెలియనిదానిని పరీక్షయే చెప్పవలెను.

మరియొక విచిత్రము. పిచ్చి ఆవు వ్యాధికి సంబంధించిన మెదడు జబ్బు భయముచేత 1998లో బ్రిటను స్వదేశ ప్లాస్మానుండి మందులు తయారుచేయుట మాన నిర్ణయించెను. 2002లో బ్రిటిష్ ప్రభుత్వము అమెరికాలోని ఒక ప్లాస్మా సేకరణ సంస్థను కొనెను. డబ్బు పుచ్చుకొను దాతలపై దానమునకు ప్రసిద్ధిగన్న దేశము ఆధారపడవలసివచ్చెను! నేటికిని ప్రపంచమున మందులకై వినియోగింపబడు ప్లాస్మాలో అధికభాగము అమెరికానుండియే వచ్చుచున్నది. కేవలము దానముతో ఈ అవసరము తీరు మార్గమును టిట్మస్ గ్రంథము చూపజాలదు.

మరి ఈ గ్రంథము మన దేశమునకు అక్కరలేదా? 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును అనుసరించి, 1998 జనవరి 1 నుండి ఇచట రక్తవిక్రయము నిషేధింపబడినది. అయినను, రోగి బంధువులను “దాతను తెచ్చుకొనుడు” అని కోరు అలవాటు పలుచోట్ల మిగిలియున్నది. తండ్రికి ఆపరేషను జరుగవలసియుండగా రక్తమిచ్చు కుమారుడు డబ్బు తీసికొనడు. కాని తన జబ్బును దాచుటకు అతనికిని కారణము కలదు. దాతలను ఎనిమిది తెగలుగా విభజించి, ఇట్టి నిర్బంధదాతలను స్వచ్ఛందదాతలనుండి వేరుచేసి చూపుట టిట్మస్ చేసిన గొప్ప ఉపకారము.

ప్లేట్‌లెట్ల విషయమున ఈ నిర్బంధము మరింత తీవ్రమగును. అవి సాధారణముగా 5 దినములే నిలువయుండును. కనుక ముందుగా కూడబెట్టుట కష్టము. అఫెరిసిస్ ద్వారా ఒక్క దాతనుండి సుమారు ఆరు సీసాల రక్తమునుండి వచ్చునన్ని ప్లేట్‌లెట్లు లభించును. రోగి ఆరుగురి రక్తమునకు బదులు ఒక్కని రక్తమునకే గురియగును. అపాయము ఆ మేరకు తగ్గును. కాని ఆ ఒక్కడు నిజము చెప్పుట అంతకంతకు ముఖ్యమగును. వ్యాధి సోకిన తొలిదినములలో పరీక్షకు కూడ అది చిక్కకపోవచ్చును.

ఉపాధ్యాయులు రక్తదానమును బోధించునపుడు దాత ఔదార్యమును పొగడుటతో ఆగరాదు. “నేడు నేను ఇయ్యలేను” అని సిగ్గుపడక, భయపడక చెప్పగల స్వేచ్ఛ దాతకున్నదా అని విద్యార్థులచేత ఆలోచింపజేయవలెను. లోపములెన్ని ఉన్నను, ఆ ప్రశ్నను లోకము ముందుంచినందులకే టిట్మస్ గ్రంథము నేటికిని చదువదగినది.