భాష ఎరిగిన బాణీ: ఛత్తీస్‌గఢీ, తెలుగు గీతాలలో మహమ్మద్ రఫీ

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వైపు సాగే రహదారి మీద ధర్సీవా ఒక తహసీలు కేంద్రం. ఒకవైపు వరి పొలాలు, మరొకవైపు సిల్తరా పారిశ్రామిక వాడ. పొలాల్లో ఛత్తీస్‌గఢీ, కచేరీలో హిందీ, కర్మాగారాల వద్ద దేశంలోని పలు ప్రాంతాల నుడులు వినిపించే సీమ ఇది. రైల్వే కొలువుల మూలంగా, 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలు మార్గం మూలంగా, తరువాతి కాలంలో భిలాయి ఉక్కు కర్మాగారం మూలంగా ఎన్నో తెలుగు కుటుంబాలు కూడా రాయపూర్, భిలాయి ప్రాంతాలలో స్థిరపడ్డాయి. ఇన్ని భాషలవారు తమవాడని చెప్పుకోదగిన గాయకులలో మహమ్మద్ రఫీ ఒకరు. హిందీ చిత్రగీతాల ద్వారా ఆయన దేశమంతటికీ పరిచితులు కావడంలో వింత లేదు. ఛత్తీస్‌గఢీలోనూ, తెలుగులోనూ ఆయన పాడిన కొద్దిపాటి పాటలే విమర్శకునికి ఎక్కువ విషయాన్ని అందిస్తాయి. సంగీతానికి భాష లేదని తరచుగా అనే మాట ఈ పాటల ముందు నిలువదు. వీటిని పాడించినవారికీ, పాడినవారికీ, విన్నవారికీ కూడా భాషే ప్రధానమైనది.

అమృత్‌సర్ సమీపాన కోట్లా సుల్తాన్ సింగ్ గ్రామంలో 1924 డిసెంబరు 24న జన్మించిన రఫీ, లాహోరులో సంగీతం అభ్యసించి, 'గుల్ బలోచ్' అనే పంజాబీ చిత్రంతో నేపథ్య గాయకులయ్యారు. 1960 దశకం నాటికి హిందీ చిత్రసీమలో ఆయన అగ్రస్థానంలో ఉన్నారు. ఆ రోజుల్లోనే రాయపూర్ పల్లెసీమలోని కుర్రా గ్రామానికి చెందిన మను నాయక్ అనే యువకుడు బొంబాయి చిత్రసంస్థలో పనిచేస్తూ తన మాతృభాషలో చిత్రం తీయాలని సంకల్పించారు. 1963లో వెలువడిన తొలి భోజ్‌పురీ చిత్రం సాధించిన విజయం ఆయనకు ధైర్యమిచ్చింది. ఫలితంగా 1965లో తొలి ఛత్తీస్‌గఢీ చిత్రం 'కహి దేబే సందేశ్' విడుదలయింది. మన్నా డే, మహేంద్ర కపూర్, సుమన్ కల్యాణ్‌పూర్, మీనూ పురుషోత్తమ్‌లతో పాటు రఫీ అందులో పాడారు. ఆర్థిక స్తోమత అంతంత మాత్రమైన ఈ చిత్రానికి రఫీ తన పారితోషికాన్ని బాగా తగ్గించుకొన్నారని నిర్మాత తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు.

ఈ పాటల వెనుకనున్న వారిని గమనించడం అవసరం. స్వరకర్త మలయ్ చక్రవర్తి వంగదేశీయుడు. గీతరచయిత డాక్టర్ హనుమంత నాయుడు. ఆ పేరు తెలుగు పాఠకుని చెవికి వెంటనే చుట్టరికం కలుపుతుంది. గాయకుడు పంజాబీ ముస్లిం. కథ మాత్రం అచ్చంగా ఈ గడ్డది. సత్నామీ యువకునికీ, బ్రాహ్మణ యువతికీ మధ్య చిగురించిన ప్రేమ దాని ఇతివృత్తం. అందువల్లనే కొందరు ఈ చిత్రాన్ని వ్యతిరేకించారు. నాటి కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి ఇందిరాగాంధీ చిత్రంలో కొంత భాగం చూసి మెచ్చుకోవడంతో ఆ అలజడి చల్లారింది.

రఫీ పాడిన ఒక గీతం ఏటిని తోబుట్టువుగా, కొండను 'మితాన్'గా భావిస్తుంది. మితాన్ అన్న మాటకు స్నేహితుడన్న అర్థం చాలదు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇద్దరు వ్యక్తులు, తరచుగా వేర్వేరు కులాలవారు, పదిమంది ఎదుట లాంఛనంగా కలుపుకొనే జీవితకాలపు నెయ్యం అది. ఆనాటి నుండి ఒకరి ఇంటి శుభాశుభాలు రెండవవారివి కూడా అవుతాయి. రక్తసంబంధం లేకున్నా బాధ్యత ఉంటుంది. కులాంతర ప్రేమను చెప్పే చిత్రంలో ఈ పదం పాటలోకి రావడం ఎంతో ఉచితం. ఆ పాటలో రఫీ హిందీ గీతాలలోని తారస్థాయి విన్యాసాలకు పోకుండా, మాట విరుపును, పల్లెపదపు లయను అనుసరించి సాగిపోతారు. ఛత్తీస్‌గఢీని మొరటు మాండలికంగా ఎంచే కాలంలో దేశం గౌరవించే కంఠం దానిని అంత శ్రద్ధగా పలకడం ఆ భాష మాట్లాడేవారికి చిన్న విషయం కాదు. ఆ భాషకు రాష్ట్ర శాసనసభ అధికార భాషా ప్రతిపత్తి కల్పించింది 2007లో మాత్రమే.

తెలుగులో రఫీ ప్రవేశం కూడా అర్థవంతంగానే జరిగింది. చిత్తూరు నాగయ్య నిర్మించిన 'భక్త రామదాసు' (1964)లో గుమ్మడి ధరించిన కబీరు పాత్రకు ఆయన గాత్రమిచ్చారు. కబీరు రామదాసుకు మంత్రోపదేశం చేశాడన్న కథను చరిత్ర అంగీకరించదు. కబీరు పదిహేనవ శతాబ్దివాడు, కంచర్ల గోపన్న పదిహేడవ శతాబ్దివాడు. కాని భద్రాద్రి భక్తునికి కాశీ నేతగాని ఆశీస్సు కావాలని తెలుగు జనశ్రుతి కోరుకొన్నది. ఆ కోరికే ఒక సాంస్కృతిక సత్యం. ధర్సీవా మీదుగా బిలాస్‌పూర్ వెళ్ళే ఆ రహదారి పక్కనే కబీరు పంథీయుల ప్రధాన పీఠాలలో ఒకటైన దామాఖేడా ఉండడం ఈ సందర్భంలో స్మరణీయం.

తరువాత 'భలే తమ్ముడు' (1969)లో ఎన్.టి. రామారావుకు రఫీ పాడారు. అది హిందీ 'చైనా టౌన్'కు తెలుగు రూపం. మూలంలో షమ్మీ కపూర్‌కు పాడిన గొంతే తెలుగు కథానాయకునికీ అమరింది. హిందీ 'గీత్' ఆధారంగా వచ్చిన 'ఆరాధన' (1976)లో ఎస్. జానకితో ఆయన పాడిన యుగళగీతం నేటికీ తెలుగువారి నాలుకల మీద ఉంది. 1970 దశకం చివర వచ్చిన 'అక్బర్ సలీమ్ అనార్కలి'లో సి. రామచంద్ర స్వరరచనకు, సి. నారాయణరెడ్డి సాహిత్యానికి ఆయన ప్రాణం పోశారు.

ఘంటసాల ఉచ్చారణకు అలవాటుపడిన చెవికి రఫీ తెలుగులో పరాయి యాస తెలియకపోదు. కొన్ని అక్షరాలు హిందీ ఒరవడిలో పలుకుతాయి. దానిని గుణంగా చూపడం మర్యాద కోసం చేసే అతిశయోక్తి అవుతుంది. అయినా శ్రోత ఆ పాటలను త్రోసిపుచ్చలేదు. తెలియని భాషలోని ప్రతి పదానికీ భావమెరిగి పాడాలన్న తాపత్రయం ఆ యాసలోనే వినిపించింది. అతిథి తడబడుతూ మన మాట పలికినప్పుడు కలిగే ఆదరం వంటిది అది.

అయితే, అరువు తెచ్చుకొన్న గొంతుతో ఒక భాషకు కళాజీవితం సమకూరదు. 1971లో రఫీ మళ్ళీ పాడిన 'ఘర్ ద్వార్' తరువాత ఛత్తీస్‌గఢీ చిత్రరంగం దాదాపు మూడు దశాబ్దాలు నిద్రాణమైంది. రాష్ట్రం ఏర్పడిన 2000లో వచ్చిన 'మోర్ ఛైంహా భుఇయాఁ'తోనే అది తిరిగి లేచింది. నడుమ ఆ భాష పాటను బ్రతికించినవి 1963లో ప్రారంభమైన రాయపూర్ ఆకాశవాణి, 1971లో రామచంద్ర దేశ్‌ముఖ్ నెలకొల్పిన 'చందైనీ గోందా' కళాబృందం, లక్ష్మణ్ మస్తూరియా వంటి స్థానిక కవిగాయకులు. రఫీ కంఠం తెరిచిన తలుపులో నుండి నడవవలసినవారు ఈ నేలవారే.

2024లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవం రఫీ, అక్కినేని నాగేశ్వరరావుల శతజయంతులను ఒకే వేదికపై స్మరించింది. ఇటువంటి గౌరవాలు ముదావహం. వీటితో పాటు, చిన్న భాషలలో ఆయన పాడిన గీతాల మూలముద్రణలను సేకరించి, గీతరచయితల, స్వరకర్తల పేర్లతో భద్రపరచడం సాంస్కృతిక సంస్థలు తక్షణం చేపట్టవలసిన కార్యం. గాయకుని పేరు వాటంతటదే నిలుస్తుంది. అతనికి ఆ నుడిని అందించిన హనుమంత నాయుడు వంటివారి పేర్లను నిలపవలసిన బాధ్యత మాత్రం మనది.