ఆకు అసలు, గడ్డ కొసరు

మిద్దె మీద బీట్‌రూట్ వేశామనగానే అందరూ అడిగేది ఒకటే: "గడ్డ ఎంత ఊరింది?" అడగాల్సింది అది కాదని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో, బోరు నీళ్లతో, అడుగు లోతు తొట్టిలో పెంచేవాళ్లకి బీట్‌రూట్ ముందు ఆకుకూర. గడ్డ వస్తే కొసరు.

గడ్డ ఊరనివాళ్లు సర్దిచెప్పుకునే మాట కాదిది. మనం పప్పులో వేసుకునే పాలకూర, ఈ బీట్‌రూట్, చక్కెర తీసే షుగర్ బీట్ అన్నీ ఒకే జాతి, బీటా వల్గారిస్. అమెరికాలో స్పినాచ్ అని అమ్మేదే వేరే మొక్క. వీటి మూలం మధ్యధరా, అట్లాంటిక్ తీరాల్లో ఉప్పుగాలికి పెరిగే అడవి మొక్క. గ్రీకులు, రోమన్లు తిన్నది ఎక్కువగా ఆకునే. గుండ్రటి ఎర్ర గడ్డ యూరప్ వంటింట్లో కుదురుకున్నది ఆ తర్వాత ఎన్నో వందల ఏళ్లకి. సముద్రం ఒడ్డున పుట్టినందుకే కాబోలు, చిక్కుడాకు అంచులు మాడిపోయే మా ఉప్పు బోరు నీళ్లని కూడా ఇది ఓర్చుకుంటుంది. మొలక దశలో మాత్రం ఓర్చుకోదు. అప్పుడు మంచినీళ్లే పోస్తాను.

విత్తనం గరుగ్గా, వంకరటింకరగా ఉండే చిన్న ఉండ. నిజానికి అది ఒక్క విత్తనం కాదు, అతుక్కుని ఎండిన కాయల గుత్తి. ఒకటి నాటితే రెండు మూడు మొలకలు లేస్తాయి. రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతున, నేరుగా తొట్టిలోనే పెట్టాలి. నారు పోసి మార్చి నాటితే తల్లివేరు దెబ్బతిని గడ్డ వంకర పోయే ప్రమాదం ఉంది.

అసలు పని మొలిచాక. ఒక్కో గుంపులో బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసెయ్యాలి. మొక్కకీ మొక్కకీ కనీసం నాలుగు వేళ్ల ఎడం లేకపోతే ఒక్కటీ ఊరదు. చాలామందికి ఇక్కడే చేతులాడవు. మా అత్తగారు పక్కన నిలబడి, "మొలిచినదాన్ని పీకుతావేంటమ్మా, పాపం!" అంటారు. నిజానికి పీకను, మొదట్లో కత్తెరతో కత్తిరిస్తాను. పీకితే ఉంచుకోవాల్సినదాని వేళ్లు కూడా కదిలిపోతాయి. కత్తిరించిన ఎర్రకాడల లేతాకు ఆ పూటే పెసరపప్పులోకి వెళ్తుంది. పప్పు గులాబీ రంగుకి తిరుగుతుంది. పిల్లలు ముఖం చిట్లించి, ఆ తర్వాత మారు వడ్డించుకుంటారు. అత్తగారు కూడా రెండోసారి పోసుకునేసరికి ఆ పాపం తీరిపోతుంది.

అక్కణ్నుంచి వారానికోసారి మొక్కకి ఒకటో రెండో బయటి ఆకులు కోసుకోవచ్చు. నడిమి ఆకుల జోలికి పోకూడదు. ఆకు వండిన చక్కెరే కదా కిందికి దిగి గడ్డయ్యేది! చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి ముందే మట్టిలో కలిపితే చాలు. ఆశకొద్దీ యూరియా వేస్తే ఆకు ఏపుగా లేస్తుంది, గడ్డ గోళీకాయంత దగ్గరే ఆగుతుంది. కోసినప్పుడు లోపల నల్లటి మచ్చలుంటే బోరాన్ చాల్లేదని అనుమానించాలి. అలాగని బోరాక్స్ గుప్పించకండి, మోతాదు మించితే అదే విషం.

అక్టోబరు, నవంబరుల్లో వేస్తే 60 నుంచి 90 రోజుల్లో గడ్డ చేతికొస్తుంది. సంక్రాంతి దాటాక వేసినవి ఎండల్లో ఊరతాయి. కోస్తే రంగు వెలిసి, తెల్ల వలయాలు తేలి కనిపిస్తాయి. తీపీ అంతంతమాత్రం.

పాలకూర ఎండ ముదిరేసరికి మిద్దె మీదే పూసి విత్తనం కడుతుంది. బీట్‌రూట్ ఆ పని చెయ్యదు. దానికి ఒక చలికాలమంతా గట్టి చలి తగలాలి, అప్పుడు రెండో ఏడు పూస్తుంది. దాని విత్తనం కాశ్మీర్, హిమాచల్ కొండల్లో తయారయ్యేది అందుకే. మనం ఏటా పొట్లం కొనుక్కోవాల్సిందే. చూడ్డానికి రెండు విత్తనాలూ ఒకేలా ఉంటాయి. విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే చోట ఎవరైనా "అక్కా, మా మిద్దె మీద కట్టిన బీట్‌రూట్ విత్తనం" అని చేతిలో పెడితే, సంతోషంగా తీసుకుని పాలకూర తొట్టిలో చల్లేస్తాను.