నురుగును తీర్చే చిత్రిక

కాలిఫోర్నియా, హవాయి తీరాల్లో సర్ఫ్‌బోర్డులు మలిచే పనివాళ్లు స్కిల్ 100 ఎలక్ట్రిక్ ప్లేనర్‌ను ప్రాణంలా చూసుకుంటారు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది, అందుకే పాతవాటినే బాగుచేసుకుంటూ వాడతారు. మిషను ఆపకుండా, నడుస్తూనే కోత లోతు మార్చుకోగలగడం దాని ప్రత్యేకత. బోర్డుకు వాడే పాలీయురెథేన్ నురుగు మెత్తనిదే కానీ, దాని పొడి పిండిలా ఎగిరి మోటారులోకి దూరుతుంది. పని ముగియగానే గాలి కొట్టి ఆ పొడిని వదిలిస్తారు. బ్లేడు సరిచూసుకోవడానికి ప్లగ్గు తీసేసి, మిషను వెనక పలక మీద స్కేలు ఆనించి, బ్లేడ్లు బిగించిన డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పుతారు. బ్లేడు అంచు రెండు చివర్లా స్కేలును తాకీ తాకనట్టు ఉండాలి. ఒక చివర వెంట్రుకవాసి పైకి లేచినా బోర్డు మీద గీత పడుతుంది. గోడ పక్కన వెలిగే ట్యూబులైట్ల వెలుగునీడల్లో ఆ గీత దాక్కోలేదు. నిప్పురవ్వలు ఎక్కువైతే కార్బన్ బ్రష్షులు అరిగాయేమో చూస్తారు. కూత మారితే బేరింగుల మీద అనుమానం. ఇంత శ్రద్ధగా చూసుకున్న మిషను, తలనుంచి తోక దాకా ఒకే ఊపులో నురుగును పొరలుగా లేపుకుపోతుంది. సముద్రంలో అల మీద నిలబడేవాడి కాళ్లకింద ఆ నునుపే బోర్డును మాట వినేలా చేస్తుంది.